ఐదు ముక్కల రొట్టె

ఆయన జొన్నరొట్టెను అందరిలా తుంచుకుని తినేవాడు కాదు. కంచం ముందు కూర్చోగానే కండువా మోకాలి మీద పరచుకుని, రొట్టెను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఐదు ముక్కలు చేసేవాడు. సమానంగా రావాలని చూసేవాడు. జొన్నరొట్టె అట్లా మాట వినే రకం కాదు, ఎక్కడ విరగాలనుకుంటే అక్కడ విరుగుతుంది. మూడు ముక్కలు పప్పు పక్కన పెట్టుకుని, రెండు ముక్కలను కంచం అంచుకు నెట్టేవాడు. మూడు తిని లేచేవాడు. ఆ రెండూ అక్కడే ఎండిపోయేవి.

నేను భివండిలో బిస్సీ నడుపుతాను. పెళ్లాం పిల్లలను ఊళ్లో విడిచి వచ్చి, సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే మగవాళ్లు నెలకింత అని ఇచ్చి రెండు పూటలా తినే ఇంటిని ఇక్కడ బిస్సీ అంటారు. నా మొగుడు పోయినప్పటి నుంచి ఇదే నా బతుకు. పిండి జల్లించగా మిగిలిన తవుడు కూడా నేను పారేయను. అట్లాంటిది నా కళ్ల ముందు ఒక చదువుకున్న మనిషి రోజూ రెండు ముక్కల రొట్టె విడిచి పోతుంటే ఎన్ని రోజులని ఊరుకుంటాను?

ఈ మధ్య మన తెలుగు సంఘం వాళ్లు వచ్చారు. హాలులో ఆయన ఫోటో పెడుతున్నారట, ఆ రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట. ఆయన నా దగ్గర తిన్నాడు కాబట్టి నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. నా చదువు ఎంతో వాళ్లకు తెలుసు, నాలుగో తరగతిలో బడి మానేసి కండెలు చుట్టడానికి కూర్చున్నదాన్ని. అయినా అడిగారు కనుక రాస్తున్నాను. ఉన్న మాటలు రాస్తాను. అవి మంచి మాటలో కాదో వేసుకునేవాళ్లు చూసుకోవాలి.

ఆయన ఎప్పుడు పుట్టాడో, ఏ ఊళ్లో చదివాడో పుస్తకంలో వేరేవాళ్లు రాస్తారు. మేమంతా సారు అనేవాళ్లం. పగలు కోర్టు బయట బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడు, సాయంత్రం లా కాలేజీలో పాఠం చెప్పేవాడు. నల్లకోటు ఒకటే ఉండేది, మోచేతుల దగ్గర అది నల్లగా ఉండడం ఎప్పుడో మానేసింది. ఇల్లు వరాలా తలావ్ దగ్గర. కోర్టు నుంచి ఇంటికి పోయి రావడం దూరమని మధ్యాహ్నం పూట నా దగ్గర తినేవాడు, రాత్రికి భార్య వండేది.

ఆయన చెప్పే పాఠం రాజ్యాంగం గురించి. మన రాజ్యాంగం ఆయనకు నోటికి వచ్చు, కానీ నోరు తెరిస్తే మాత్రం అమెరికా. ఇప్పటి అమెరికా కాదు. ఆ దేశం కొత్తగా పుట్టినప్పుడు కొందరు ఒక గదిలో కూర్చుని దాన్ని ఎట్లా నడపాలో రాసుకున్నారట, ఆ గది గురించి. మనది చదివే ముందు వాళ్ల తప్పులు చదవాలి అనేవాడు. సాంచాల మీది నుంచి వచ్చి, కనుబొమల మీద దూది పీచుతో అన్నం తింటున్న మనుషులకు చెప్పేవాడు అదంతా. వాళ్లు తలలూపుతూ తినేవాళ్లు.

ఎండాకాలం అయినా ఆ గది కిటికీలు మూసుకున్నారట, తలుపు దగ్గర కాపలా పెట్టుకున్నారట, లోపలి మాట బయటికి పోకూడదని. అది చెప్పాలంటే ఆయనకు చూపించాలి. లేచి పోయి నా కిటికీ మూసేవాడు. నేను పప్పు గ్యాసు మీద వండినా రొట్టెలు కట్టెల పొయ్యి మీదే కాలుస్తాను. అంజూర్ ఫాటా గోదాముల దగ్గర విరిగిన పెట్టెల చెక్కలు చవకగా దొరుకుతాయి. కిటికీ మూస్తే గది నిండా పొగ.

"సారూ, ఆళ్ల గదిల పొయ్యి లేకుండె గావచ్చు. నా గదిల ఉన్నది. తెరువుండ్రి," అనేదాన్ని.

ఆయన దగ్గుతూ తెరిచేవాడు. మళ్లీ వారం మళ్లీ మూసేవాడు.

కొమురయ్య అని ఒకడు తినేవాడు, ఇప్పటికీ తింటాడు. వాడి నోటికి తాళం లేదు. "సారూ, నా పాలీ టైం అయితున్నది, డూటీకి పోవాలె. జర జల్ది రాజ్యం ఏర్పాటు చెయ్యుండ్రి, నేను పోయి సాంచా ఆన్ చెయ్యాలె," అనేవాడు. సారు నవ్వేవాడు. నవ్వితే పై పళ్లు కనపడేవి కావు, కింది పళ్లు కనపడేవి. మనసు బాగున్న రోజుల సంగతి ఇది.

రొట్టెను ఐదు ముక్కలు చేయడం మొదటి నుంచీ లేదు. సంఘానికి నిబంధనలు రాసిన రోజు తర్వాత మొదలైంది.

అంతకుముందు మనకు సంఘం అని పేరే గానీ ఏమీ లేదు. మనిషి పోతే గల్లీ గల్లీ తిరిగి చందా ఎత్తాలి, మోసేవాళ్లను బతిమాలుకోవాలి. ఊరుగాని ఊళ్లో చావు అంటే అంత భయం. అప్పుడు మన వాళ్లలోనే సొంత సాంచాలు పెట్టుకుని సేటు అయిన ఒకాయన, మేమంతా సావుకారు అంటాం, హాలుకు జాగా ఇస్తానన్నాడు, శవాన్ని తీసుకుపోయే బండి కొనిస్తానన్నాడు. చచ్చినవాడిని చితి దాకా చేర్చే పూచీ, లేదా ఊరికి పంపే పూచీ సంఘానిది. దానికి నిబంధనలు కావాలి, సారు రాయాలి. అంజూర్ ఫాటాలో సావుకారి గోదాములో కూర్చున్నారు. నా పేరు మీద పొయ్యి ఉంది కనుక నేనూ వెనక వరసలో కూర్చున్నాను.

మన దగ్గర మొదటి నుంచీ పొయ్యి లెక్క. ఒక పొయ్యి అంటే ఒక ఇల్లు, ఒక ఓటు. ఏ గల్లీలో ఎన్ని పొయ్యిలుంటే దాన్ని బట్టి ఆ గల్లీకి పెద్దమనుషులు. మరి బిస్సీలో తిని సాంచాల మధ్య పడుకునేవాడికి పొయ్యి ఎక్కడిది? అక్కడ వచ్చింది పేచీ. సావుకారి గల్లీలో ఇళ్లు కొన్నే, కార్ఖానాల నిండా కూలీలు. వాళ్లను కూడా కలిపి లెక్కపెట్టండి, మా గల్లీకి పెద్దమనుషులు ఎక్కువ రావాలి అన్నాడాయన. అయితే వాళ్లకు ఓటు కూడా ఇవ్వు అన్నారు మిగతా గల్లీలవాళ్లు. ఓటా, ఇవ్వాళ ఉండి రేపు ఊరికి పోయేవాళ్లకు ఓటేంది, వాళ్ల చావులు మీదేసుకుంటే సంఘం ఆర్నెల్లు నడవదు అన్నాడు సావుకారు. లెక్కకు కావాలి, మనుషులుగా వద్దు. తక్కెడలో రాయి లాగా.

ఎవరూ ఒక మెట్టు దిగలేదు. పక్క షెడ్డులో సాంచాల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడక, ఎవరో లేచి కిటికీలు మూశారు. ఎండాకాలమే అది కూడా. సారు ఆ మూసిన కిటికీల వైపు చూడడం నేను చూశాను.

అప్పుడు ఆయన లేచి ఆ కథ చెప్పాడు. అమెరికా వాళ్ల గదిలో ఇదే తగువు వచ్చిందట. కొన్ని రాష్ట్రాలలో నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్నారు. వాళ్లను లెక్కపెట్టి మాకు సభలో ఎక్కువ చోటు ఇవ్వాలని వాళ్ల యజమానులు అన్నారు. పశువుల్లాగా అమ్ముకుంటూ మనుషులుగా ఎట్లా లెక్కపెడతారని అటువైపు వాళ్లు అన్నారు. చివరికి ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కపెట్టుకుని సంతకాలు చేశారట. ఆ లెక్క వాళ్ల దేశాన్ని ఎంత తిన్నదో, దాన్ని తుడవడానికి వెనక ఎంత నెత్తురు పారిందో సారు చెప్పబోతున్నాడు. చెప్పనిస్తే కదా.

సావుకారి ముఖం వెలిగింది. "గదే రాయుండ్రి సారూ. ఐదుగురికి మూడు. గంత పెద్ద దేశమే గట్ల నడిపిచ్చుకుంటే మనకేం తక్కువ?"

సారు కాదు కాదన్నాడు, నేను అందుకు చెప్పలేదన్నాడు. కానీ అప్పటికే గోదామంతా నవ్వు. మిగతా గల్లీలవాళ్లకూ అది బాగానే తోచింది, మొత్తం లెక్కపెట్టడం కన్నా తక్కువే కదా. చాయ్ వచ్చింది. సావుకారు సారు పక్కకు వచ్చి, ఇది లేకపోతే జాగా లేదు, బండి లేదు అని మెల్లగా అన్నాడట. ఇంకో షరతు కూడా పెట్టాడు, ఈ నిబంధన మార్చాలంటే అన్ని గల్లీలూ ఒప్పుకోవాలి, ఒక్కటి కాదన్నా మారకూడదు. ముట్టుకోవద్దని ఆయన చూపించిన నిప్పుతోనే వాళ్లు పొయ్యి వెలిగించుకున్నారు.

సారు కాగితం దగ్గరికి లాక్కుని, కలం మూత తీశాడు. తర్వాత రాశాడు. ముందు ఇల్లు నిలబడనీ, కిటికీలు తర్వాత పెట్టుకుందామని అనుకున్నానని నాతో ఆ తర్వాత చెప్పాడు. కూలీలు అని రాయలేదు. పొయ్యి లేని ఇతరులు అని రాశాడు, ఐదుగురు ముగ్గురుగా లెక్కకు వస్తారు, ఓటు లేదు, బండి లేదు. ఆ అమెరికా గదిలో కూడా బానిస అనే మాట రాయడానికి చెయ్యి రాక, ఇతర మనుషులు అని రాసుకున్నారట. సిగ్గు కూడా నకలు చేసిన అక్కా అన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం రొట్టె ఐదు ముక్కలైంది.

కొన్ని రోజులు ఊరుకున్నాను. ఒకరోజు ఆ రెండు ముక్కలు చేతిలోకి తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను. "సారూ, మీరు రాసినదానికి నా రొట్టె ఏం పాపం చేసింది? గీ రెండు తినేదాక లేవద్దు."

ఆయన నా ముఖం చూసి, చిన్నపిల్లాడిలా తలవంచుకుని తిన్నాడు. ఆ రోజు నుంచి విడిచిపెట్టలేదు. ఐదు ముక్కలు చేయడం మాత్రం మానలేదు. అంచున పెట్టిన రెండూ ముందు తిని, ఆ తర్వాత మూడు తినేవాడు. ఎందుకు అట్లా అని కొమురయ్య అడిగితే, ఆగినవాళ్లు ముందు తినాలె కదరా అన్నాడు.

నిబంధనలలో ఇంకొకటి పెట్టాడు, ఎవరైనా రెండుసార్లకు మించి వరసగా అధ్యక్షుడు కాకూడదని. అమెరికా మొదటి అధ్యక్షుడు రెండు దఫాలు ఏలి, ఎవరూ పొమ్మనకుండానే లేచి తన ఇంటికి పోయాడట. అది రాసి కూడా లేకుండెనట అప్పుడు. మన సావుకారు రెండు దఫాలు ఉండి లేచాడు. ఆయన తమ్ముడు రెండు దఫాలు ఉన్నాడు. మళ్లీ సావుకారు వచ్చాడు. నిబంధన తప్పింది ఎక్కడా లేదు. సారు అది చూసి కింది పళ్లు కూడా కనపడకుండా నవ్వాడు.

మల్లయ్య చావు ఆ తర్వాతి సంగతి. మా బిస్సీలోనే తినేవాడు. తిండి ఎక్కువ, మాట తక్కువ. వేడికో, గుండెకో, పట్టపగలు సాంచా పక్కనే కూలిపోయాడు. డాక్టరు వచ్చి లేడని చెప్పి పోయాడు. కార్ఖానా సేటు రెండో పాలీ మొదలయ్యే లోపు తీసేయమన్నాడు. సంఘం బండి హాలు ముందర నీడలో నిలబడి ఉంది, కడిగి, తుడిచి. సారు సావుకారి ఇంటికి పోయాడు. సావుకారు కూర్చోబెట్టి నీళ్లిచ్చి, నాకూ బాధే సారూ, ఒక్క ఇతరుడికి ఇస్తే రేపు ఎందరు అడుగుతారు, మీరు రాసిందే కదా అన్నాడట. సారు తిరిగి వచ్చి చెప్పుకున్న మాట అది. 

బట్ట తానులు మోసే హాత్‌గాడీ మీద, చేతులతో తోసే బండి మీద, తీసుకుపోయారు మల్లయ్యను. కోరా గుడ్డ కప్పారు. ఎత్తుపల్లాల దగ్గర బండి ఎగిరినప్పుడల్లా గుడ్డ కింద తల కదిలింది. సారు ఒక చేత్తో బండి తోస్తూ, ఇంకో చేత్తో ఆ తలను పట్టుకుని నడిచాడు. నల్లకోటుతోనే నడిచాడు, కోర్టు నుంచి అట్లాగే వచ్చినట్టున్నాడు. నేను గుమ్మం దాకా పోయి చూశాను. ఆ రోజు బిస్సీలో ఎవరూ ఎక్కువ తినలేదు. మిగిలిన పప్పును నేను రాత్రికి చారు చేశాను, పారేయలేదు.

ఆ సంవత్సరం నుంచి ప్రతి సర్వసభ్య సమావేశంలో సారు లేచి ఒకటే అడిగేవాడు, పొయ్యి ఉన్నా లేకున్నా మనిషిని మనిషిగా లెక్కపెట్టాలని, చస్తే బండి రావాలని. గల్లీ గల్లీ చేతులెత్తేవి. ఒక్క గల్లీ ఎత్తేది కాదు. ఏ గల్లీయో నేను రాయక్కర్లేదు. ఆయన కూర్చునేవాడు.

అమెరికాలో ఆ రాజ్యాంగం కన్నా ముందు ఇంకో ఒప్పందం ఉండేదట. దాంట్లో కూడా అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా మారాలని రాసుకున్నారు. ఒక చిన్న రాష్ట్రం అడ్డం తిరిగితే అంతా ఆగిపోయేది. అందుకే దాన్ని పక్కన పెట్టి కొత్తది రాసుకోవాల్సి వచ్చింది. ఇది చెప్పి సారు చేయి కడుక్కుంటూ అన్నాడు, "ఏండ్ల నుంచి పిల్లలకు నేనే చెప్తున్న అక్కా, గసుంటి తలుపు పెట్టుకోవద్దని. పెట్టింది నేనే. ఇప్పుడు దాంట్లకెళ్లి నేనే పోలేకపోతున్న."

కొమురయ్య పక్కనే ఉన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు, ఆ రోజు నీళ్ల చెంబు ఆయన చేతిమీద ఇంకొంచెం వంచాడు, అంతే.

సారు భార్య పోయింది. పిల్లలు లేరు. ఆమె దినాలు అయ్యాక ఆయన గ్యాసు పొయ్యి, సిలిండరు పక్కింటి వాళ్లకు ఇచ్చేశాడు. వండుకోవడం రాదని అన్నాడు. రాకపోవడం నిజమే, కానీ అందుకే ఇచ్చాడని నేను అనుకోను. అప్పటి నుంచి రెండు పూటలా నా దగ్గరే.

తర్వాత వచ్చిన సభలో ఆయన లేవగానే సావుకారి తమ్ముడు, అప్పుడు అధ్యక్షుడు ఆయనే, సారుకు పొయ్యి లేదు కదా, మాట్లాడొచ్చా అని నవ్వుతూ అడిగాడు. సావుకారు తమ్ముడిని కసిరాడు. సారు లేకపోతే సంఘమే లేదు, ఆయనకు మినహాయింపు ఇద్దాం, అందరూ చేతులెత్తండి అన్నాడు. ఆ ఒక్క సంగతికి అన్ని గల్లీల చేతులూ లేచాయి.

సారు చేతులు జోడించాడు. "నాకిచ్చేది మినహాయింపు అయితే, వాళ్లకు అదే నిబంధన అయితది. నాకద్దు," అని, ముందు వరస కుర్చీ నుంచి లేచి తలుపు దగ్గరికి పోయి, బిస్సీలో తినేవాళ్లు నిలబడే చోట కింద కూర్చున్నాడు. నల్లకోటు దుమ్ములో ఆనింది. నాకు ఒళ్లు మండింది. ఉన్న ఒక్క నోరూ పోగొట్టుకుంటే ఇక అడిగేదెవరు? అంత చదివి, అంత అమాయకం.

ఆ తర్వాత ఆయన ఆరోగ్యం తగ్గింది. కాళ్లు వాచేవి, మెట్లెక్కితే ఆయాసం. రొట్టె సగానికి తగ్గింది. ఆ సగాన్ని కూడా ఐదు ముక్కలు చేసేవాడు, చిటికెడంత ముక్కలు. నాకు భయం పట్టుకుంది. ఈయన పోతే కూడా హాత్‌గాడీయేనా అని.

మన వాళ్లు చాలామంది చేసే పని ఒకటుంది. తాముండే ఒంటిగది ఖోలీ మూలలో ఒక పొయ్యి పెట్టుకుంటారు, వెలిగించరు. అడిగితే చూపిస్తారు. పొయ్యి ఉన్నట్టే. ఇరుగుపొరుగు ఒకరు అవునంటే చాలు. నేను నా పాత స్టవ్వు ఒకటి తోమి, ఆటోలో పెట్టుకుని వరాలా తలావ్ పోయాను. నడిచి పోయేదాన్ని, కానీ స్టవ్వు బరువు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, కిటికీ తెరిచి ఉంది, చెరువు చుట్టూ సాయంత్రం నడకకు వచ్చిన జనం కనపడుతున్నారు.

"గీ మూలకు పెట్టుకోండ్రి సారూ. వెలిగించకుండ్రి. మీ చెయ్యి కాలది, నిబంధన కాలది," అన్నాను.

ఆయన స్టవ్వును దగ్గరికి లాక్కున్నాడు. పిన్ను ఎక్కడ పెట్టాలో కూడా ఆయనకు తెలియదు, అయినా చేత్తో తడిమాడు.

"ఆ అమెరికా సభల ఆఖరి దినం సంతకం పెట్టకుండ కూసున్నోళ్లు కొందరున్నరు అక్కా," అన్నాడు. "ఆళ్ల పేర్లు పిల్లలకు యాదికుండయి. నేను ఆళ్ల దిక్కు ఉండాల్సింది. అప్పుడు పెట్టిన సంతకం ఎట్లనూ పోదు. గీ స్టవ్వు పెట్టుకుంటె రెండోసారి పెట్టినట్టే."

"చచ్చినంక ఎవలు చూస్తరు సారూ, ఏ బండి మీద పోయిండని?"

"కొమురయ్య చూస్తడు."

స్టవ్వు వాపసు తెచ్చుకున్నాను. ఆటో దండగ. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను, ఇంటికి వచ్చాక పిండి పిసుకుతూ ఇంకొంచెం తిట్టుకున్నాను.

ఆయన నా బిస్సీలోనే పోయాడు. మధ్యాహ్నం వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కంచం పెట్టి, రొట్టె వేసి, పప్పు తేవడానికి తిరిగాను. వచ్చేసరికి రొట్టె రెండు చేతుల్లో ఉంది. విరగలేదు. తల ఒక పక్కకు వాలి ఉంది. కొమురయ్య ఆయన వేళ్లలోంచి రొట్టె తీసి కంచంలో పెట్టాడు.

సంఘం వాళ్లు వెంటనే వచ్చారు, సావుకారు ముందు. అబద్ధం ఎందుకు, ఆయన కళ్లలో నీళ్లున్నాయి. బండి కడిగించి, పూలు కట్టించి గల్లీ మొదట్లో నిలబెట్టించాడు. లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సారు ఇంట్లో వండుకునేవాడు, ఎప్పుడన్నా ఇక్కడికి వచ్చేవాడు అని ఒక్క మాట చెప్తే చాలన్నాడు. పొరుగు సాక్ష్యం ఉంటే నిబంధనకు సరిపోతుంది, ఇంత మనిషిని హాత్‌గాడీ మీద పంపితే మన పరువేం కావాలి అన్నాడు.

ఎండ మండిపోతోంది. బయట బండి ఉంది, చల్లగా, మెత్తని పరుపుతో. మల్లయ్య తల కదలడం నాకు గుర్తొచ్చింది. ఆ ముసలి తల కూడా అట్లా కొట్టుకోవాలా అనిపించింది. ఒక్క మాట, ఎవరికీ నష్టం లేని మాట. గోడ వెంట బిస్సీ వాళ్లంతా నిలబడి ఉన్నారు, పాలీ విడిచి వచ్చినవాళ్లు, పీచు కూడా దులుపుకోలేదు. వాళ్లు నా నోటి వైపు చూస్తున్నారు.

"రెండు పూటలు ఈన్నే తిన్నడు," అన్నాను. "ఇంట్ల పొయ్యి లేదు. నేను ఇయ్యపోతె కూడ వద్దన్నడు."

సావుకారు లేచి బయటికి పోయాడు.

ఇంకో సంగతి వచ్చింది. శవం ముందర నడిచే నిప్పు పోయినవాడి ఇంటి పొయ్యిలోంచి తీయాలి. ఆయన ఇంట్లో పొయ్యి లేదు. హాలులో దీపం ఉంది, దాంట్లోంచి తెద్దామా అని పెద్దమనుషులు గుమ్మంలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను ఎవరినీ అడగలేదు. రొట్టెలు కాలుస్తున్న పొయ్యిలోంచి చెక్కల బొగ్గులు పట్టకారుతో తీసి కుండలో వేశాను. కొమురయ్య తల మీద తడిగుడ్డ వేసుకుని కుండ అందుకున్నాడు. వాడికి తండ్రి పోయినప్పుడు కూడా ఊరికి పోవడానికి సెలవు దొరకలేదు.

హాత్‌గాడీ మీదే పోయాడు సారు. బండి తోసేవాళ్లు ఎంతమందో, పట్టుకోవడానికి చోటు చాలలేదు. తలకింద నేను నా పాత చీర మడిచి పెట్టాను, కదలకుండా. పూలు కట్టిన సంఘం బండి వెనక ఖాళీగా మెల్లగా వచ్చింది. సావుకారు చెప్పులు విడిచి, దాని పక్కన నడిచాడు. ఆ నడక చూసి ఇక మారుతుందని నేను అనుకున్నాను. చాలామంది అనుకున్నారు.

ఆ తర్వాత సభ జరిగింది. తలుపు దగ్గర నిలబడి కొమురయ్య అడగబోతే ఇతరులు మాట్లాడరాదన్నారు. నాకు పొయ్యి ఉంది కదా అని నేను లేచి అడిగాను. గల్లీ గల్లీ చేతులు లేచాయి. ఒక్క గల్లీ లేవలేదు. సావుకారు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెయ్యి ఆయన ఒళ్లోనే ఉంది.

ఫోటో పెడుతున్నారు, పెట్టండి. మంచి చట్రం చేయించారట, సంతోషం. ఆయన గురించి నాకు తెలిసింది ఇంతే. ఇందులో మాట ఒక్కటి తీసినా మొత్తం వెనక్కి ఇచ్చేయండి, పొయ్యిలోకి పనికొస్తుంది.

ఒక సంగతి మాత్రం రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ తెలియదనకుండా. నాకు పొయ్యి ఉంది, ఓటు ఉంది. నిబంధన ప్రకారం నేను పోయిన రోజు బండి వస్తుంది. అప్పటికి ఆ రాత మారకపోతే ఆ బండిని నా గుమ్మం ముందుకు తేవద్దు. హాత్‌గాడీ చాలు. నిప్పు ఈ పొయ్యిలోదే తీయాలి. తోసేది ఎవరో, కుండ పట్టేది ఎవరో, తలకింద ఏ చీర పెట్టాలో అన్నీ కొమురయ్యకు చెప్పి ఉంచాను.